నాయిన రేడియోకి షార్ట్‌వేవ్ డబ్బా: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 4

వానలు మొదలైతే వైండింగ్ షాపులో పని సన్నగిల్లుతుంది. ఎండాకాలం బోర్లు అడుగంటి, మోటార్లు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంటాయి. అప్పుడు అన్నం తినడానికి కూడా తీరదు. ఆగస్టులో మాత్రం పొద్దంతా ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. దేవరకొండలో మోటార్లు చుట్టే ఎవరినడిగినా ఇదే చెప్తారు. అందుకే ఎప్పటినుంచో నానుతున్న పని ఇప్పుడు ముందేసుకున్నా.

నాయిన పాత రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్‌ను అటక మీద ఎలుకలు కొరికేశాయి. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది మీడియం వేవ్ ఒక్కటే పలికే చిన్న సెట్టు. దూరదేశాల స్టేషన్లు పలికే షార్ట్‌వేవ్ కావాలని నోరు తెరిచి అడగలేదు. "ఎనకట రాత్రిపూట సిలోన్ రేడియో పెడితే వాడంతా ఇనపడేది" అని ఈ నెలలో నాలుగుసార్లు అన్నాడంతే. మా నాయిన అడగడమంటే అదే.

కొత్త రేడియో కొని ఇవ్వొచ్చు. కానీ ఆయనకు ఆ చిన్న సెట్టు గుండీ చీకట్లో కూడా చేతికి తెలుసు. దాన్ని అలాగే ఉంచి, ముందు ఒక కన్వర్టర్ డబ్బా తగిలిస్తే చాలని అనుకున్నా. షార్ట్‌వేవ్ స్టేషన్‌ను మీడియం వేవ్‌కు దించి ఇచ్చే డబ్బా అన్నమాట.

లెక్క చిన్నదే. 6 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఒక ఆసిలేటర్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీని నిలకడగా పుట్టించే సర్క్యూట్, నడుపుతాం. గాలిలో వచ్చే 7.2 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దానితో కలిపితే తేడా 1.2 మెగాహెర్ట్జ్ వస్తుంది, అంటే నాయిన డయల్ మీద 1200. 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ దాకా లైసెన్సుతో సరదాకు రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లది, 7200 నుంచి 7450 దాకా 41 మీటర్ల బ్యాండు ప్రసారాలది. డయల్ మీద 1000 నుంచి 1450 మధ్యలో రెండూ వచ్చేస్తాయి. చూసిన అంకెకు 6000 కలుపుకుంటే అసలు ఫ్రీక్వెన్సీ తెలుస్తుంది. ఆయన ఐదో తరగతి చదివిన మనిషి, ఈ కూడిక ఆయనకు ఒక లెక్కే కాదు.

ఆగస్టు 7

మా షాపు పిల్లగాడు అడిగాడు, "అన్నా, రెండు కలిపితే మూడోది ఎట్లొస్తది?" అని.

పక్కపక్కన రెండు మోటార్లు నడిచే చోట నిలబడి విను అని చెప్పాను. ఒకటి నిమిషానికి 2880 చుట్లు, ఇంకోటి 2865 చుట్లు తిరుగుతుంటే, హోరు ఒకే తీరుగా ఉండదు. వూఁ... అని లేచి, పడి, మళ్లీ లేస్తుంది. తేడా 15 చుట్లు కాబట్టి నిమిషానికి 15 సార్లు, అంటే నాలుగు సెకన్లకోసారి. ఆ లేచి పడే వేగం ఏ మోటారుదీ కాదు, రెండింటి తేడాది.

పూర్తి నిజం చెప్పాలంటే ఇందులో ఒక మెలిక ఉంది. రెండు శబ్దాలు కలిసినంత మాత్రాన గాలిలో కొత్త ఫ్రీక్వెన్సీ పుట్టదు, లేచిపడడం మాత్రమే ఉంటుంది. కొత్తది నిజంగా పుట్టాలంటే ఒకదాన్ని ఇంకోదానితో గుణించే పరికరం కావాలి. డయోడ్ అయినా సరే, ట్రాన్సిస్టర్ల జత అయినా సరే. ఆ పని చేసేదాన్నే మిక్సర్ అంటాం. "మిక్సరా? ఇంట్ల ఉన్నది కద" అన్నాడు నాయిన లోపలినుంచి.

ఈ ఉపాయం పాతదే. 1901లో ఫెసెండెన్ అనే ఇంజనీరు రెండు ఫ్రీక్వెన్సీలు కలిపి చెవికి వినపడే తేడాను రాబట్టే పద్ధతి కనిపెట్టాడు. 1918లో పారిస్‌లో అమెరికా సైన్యంలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని సూపర్‌హెటరోడైన్ రిసీవర్‌గా మలిచాడు. నాయిన సెట్టులో కూడా అదే జరుగుతోంది. ఏ స్టేషన్ పెట్టినా లోపల 455 కిలోహెర్ట్జ్‌కు దించుకుని వింటుంది. అంటే నా డబ్బా తగిలిస్తే సిగ్నల్ రెండు మెట్లు దిగుతుంది. 7200 నుంచి 1200కు, అక్కడినుంచి 455కు.

ఆగస్టు 11

హైదరాబాద్ పోయి వచ్చా. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సు, దిగింది ఎంజీబీఎస్‌లో. అక్కడినుంచి కోఠి గుజరాతీ గల్లీకి నడకే. ఆ గల్లీలో నాకు మెదడు పని చేయదు, చూసిందల్లా కొనాలనిపిస్తుంది.

కావాల్సింది ఎస్‌ఏ612 చిప్. పాత తరం వాళ్లకు ఎన్‌ఈ602 అంటే తెలుస్తుంది, రెండూ ఒక ఇంటివే. ఎనిమిది కాళ్ల ముక్కలో మిక్సర్, ఆసిలేటర్ రెండూ ఉంటాయి. 2.4 మిల్లీఆంప్స్ తాగి బతుకుతుంది. సప్లై 4.5 నుంచి 8 వోల్టుల మధ్య ఉండాలి. ఈ చివరి వాక్యాన్ని అప్పుడు తేలిగ్గా తీసుకున్నా. నెల రోజులు నన్ను తిప్పలు పెట్టింది ఈ వాక్యమే.

పొడవు కాళ్ల చిప్ దొరకలేదు. బోర్డు మీద అతికించే సన్న రకం ఇచ్చారు, దాంతో చిన్న అడాప్టర్ పలక కూడా. 6 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ రెండు, 101 కెపాసిటర్లు, సాదా రాగి బోర్డు తీసుకున్నా. ఒక లిథియం సెల్ వోల్టేజీని పెంచే చిన్న బూస్ట్ బోర్డు కూడా కొన్నా, ఎంటీ3608 అని రాసి ఉంటుంది, వేలిగోరంత కాయిల్‌తో. అది లిస్టులో లేదు. ఎదురుగా కనిపించింది, చవక, కొన్నా.

ఆగస్టు 15

సెలవు. పొద్దున జెండా అయ్యాక కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేదు.

ముందు చిప్. మిక్సీ మోటారుకు వెంట్రుకంత వైరు చుట్టే చేతులే కాబట్టి ఫర్వాలేదనుకున్నా, కానీ వైరు మన మాట వింటుంది, ఈ కాళ్లు వినవు. రెండు కాళ్ల మధ్య సోల్డర్ కరుచుకుంది. రాగి జాలీ తీగను ఫ్లక్స్‌లో ముంచి దాని మీద ఐరన్ పెడితే పీల్చుకుంది.

ఇన్‌పుట్‌లో 7 మెగాహెర్ట్జ్‌ను మాత్రమే రానిచ్చే గేటు కావాలి. దానికి కొత్తగా ఏమీ కొనలేదు. తుక్కు ఎఫ్ఎం సెట్టులోనుంచి 10.7 మెగాహెర్ట్జ్ ఐఎఫ్‌టీ డబ్బా (కోర్ తిప్పి సర్దే చిన్న కాయిల్) ఒకటి పీకాను. లోపల అడుగున సుమారు 82 పికోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ 10.7 నుంచి 7.1కి దిగాలంటే మొత్తం కెపాసిటీ రెండింతల పైచిలుకు కావాలి, ఎందుకంటే ఇక్కడ లెక్క వర్గంలో నడుస్తుంది. 10.7ను 7.1తో భాగించి వర్గం చేస్తే 2.27. అంటే ఇంకో 104 పికోఫారడ్ దాకా జోడించాలి. 100 వేసి మిగతాది కోర్ తిప్పి సర్దుకోవచ్చు.

అంతా అయ్యాక ఆసిలేటర్ పలకలేదు.

6 మెగాహెర్ట్జ్ నడుస్తుందో లేదో చూడడానికి నా దగ్గర అలను తెర మీద చూపే స్కోప్ లేదు. ఓఏ79 డయోడ్, ఒక కెపాసిటర్‌తో ప్రోబ్ చేసుకున్నా. అది ఆర్ఎఫ్‌ను, అంటే రేడియో అలల కరెంటును, డీసీగా మార్చి మీటరుకు చూపిస్తుంది. ముల్లు సున్నా దగ్గర సచ్చినట్టు పడి ఉంది. క్రిస్టల్ మార్చా. చిప్ మీద అనుమానపడ్డా, అమ్మినవాడి మీద కూడా పడ్డా. రాత్రి భోజనమయ్యాక అద్దాలు తుడుచుకుని చూస్తే, క్రిస్టల్ పక్కన పెట్టిన రెండు కెపాసిటర్లలో ఒకదాని మీద ఉన్నది 101 కాదు, 104. ఒకటి 100 పికోఫారడ్, రెండోది 0.1 మైక్రోఫారడ్. వెయ్యి రెట్లు తేడా. మార్చగానే ముల్లు లేచింది. అమ్మినవాడికి మనసులో క్షమాపణ చెప్పుకున్నా.

ఆగస్టు 18

యాంటెన్నా. ఇక్కడ మా వృత్తి కలిసొచ్చింది. సబ్‌మెర్సిబుల్ మోటార్లకు వాడే పాలీ వైరు నీళ్లలో ఏళ్లకేళ్లు నానడానికే తయారైంది, వానకు దానికేం భయం? 7.1 మెగాహెర్ట్జ్‌కు సగం అల పొడవు సుమారు 20 మీటర్లు. మధ్యలో కోసి చెరి పది మీటర్లు, ఒక కొస డాబా మీది ట్యాంకు స్టాండుకు, ఇంకో కొస వేపచెట్టుకు కట్టాను. మధ్యనుంచి కేబుల్ కిందికి. ఉరుములు మొదలైతే కేబుల్ పీకి బయట పడేయాలని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టా.

ఆగస్టు 20

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోనుంచి తీసిన 18650 లిథియం సెల్ ఒకటి ఉంది. అది 3.7 నుంచి 4.2 వోల్టులు ఇస్తుంది, చిప్‌కు 4.5 కావాలి. బూస్ట్ బోర్డు ఉన్నది ఇందుకే కదా అనుకున్నా.

బోర్డు మీది స్క్రూ గురించి ఒక మాట. చిప్‌కు కలపకముందు మీటరు పెట్టి చూస్తే అవుట్‌పుట్ 18 వోల్టులు చూపించింది. స్క్రూ ఎడమకు తిప్పా, మార్పు లేదు. ఇంకా తిప్పా, లేదు. పది పదిహేను చుట్లు అయ్యాక ఒక్కసారిగా దిగడం మొదలైంది. 6 దగ్గర ఆపాను. ముందే కలిపి ఉంటే ఎనిమిది వోల్టుల చిప్‌కు అదే ఆఖరి రోజయ్యేది.

నాయిన సెట్టు చుట్టూ ఎనిమిది చుట్లు వైరు చుట్టి, కన్వర్టర్ అవుట్‌పుట్ దానికి ఇచ్చా. లోపల యాంటెన్నాగా ఉండే ఫెరైట్ రాడ్ దాన్ని అందుకుంటుంది, సెట్టు విప్పాల్సిన పని లేదు. స్విచ్ వేశా.

గర్ర్ర్... 1000 నుంచి 1450 దాకా ఒకటే గర్ర్. కందిరీగల తుట్టెలో రాయేసినట్టు.

"ఏంది బిడ్డా, గీ సప్పుడు?" అన్నాడు నాయిన.

"కరెంటు డిస్టర్బెన్స్ నాయినా" అన్నా, అన్నీ తెలిసినట్టు.

ఆగస్టు 21 నుంచి 27

ఈ వారం రోజులు నేను చేసినవి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తా.

మొదట ఇంట్లో ఎల్ఈడీ బల్బులన్నీ ఆర్పా. తర్వాత ఫోన్ చార్జర్లు, టీవీ, సెట్‌టాప్ బాక్స్. ఒక చార్జర్ పీకితే గర్ర్ కొంచెం తగ్గింది. అదే కొంప ముంచింది. దొంగ దొరికాడనుకుని పక్కింటి చిన్నమ్మ ఇంటికి పోయి "చిన్నమ్మా, మీ చార్జర్లు ఒక ఐదు నిమిషాలు తీస్తవా?" అని అడిగా. ఆమె తీసింది. ఏ మార్పూ లేదు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రేడియో పట్టుకుని నిలబడ్డా. ఊరి బయట ఒక రైతు సోలార్ పంపు పెట్టాడు, దాని డ్రైవ్ డీసీని కోసి ఫ్రీక్వెన్సీ మారుస్తూ మోటారు నడుపుతుంది, తప్పకుండా అదే అనుకున్నా. మబ్బులో పంపు ఆగి ఉన్నప్పుడు వింటే కూడా గర్ర్ అలాగే ఉంది.

27 రాత్రి గాలివాన. ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడ్డట్టుంది, ఊరంతా కరెంటు పోయింది. కేబుల్ పీకి బయట వేసి, చీకట్లో ఊరికే సెట్టు ఆన్ చేశా. దేవరకొండ మొత్తం చీకటి. ఒక బల్బు లేదు, చార్జర్ లేదు, యాంటెన్నా కూడా లేదు. గర్ర్ మాత్రం ఉంది.

సెల్లు వైరు పీకా. గర్ర్ ఆగింది.

అంటే వారం రోజులు నేను ఊరి మీద పడి వెతికిన దొంగ నా డబ్బాలోనే ఉన్నాడు. చిన్నమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 28

పొద్దున్నే గోడ గడియారం, టార్చ్‌ల నుంచి నాలుగు పెన్సిల్ సెల్లులు పోగు చేసి, 6 వోల్టులు నేరుగా చిప్‌కు ఇచ్చా. నిశ్శబ్దం. మెల్లగా గుండీ తిప్పితే 1300 దాటాక ఒక చైనా భాష స్టేషన్, దాని వెనక సన్నగా సంగీతం. వారం రోజుల్లో ఇదే మొదటి మనిషి గొంతు.

అప్పుడు కూర్చుని బూస్ట్ చిప్ డేటాషీట్ తెరిచా. కొన్న రోజు చూడాల్సింది. స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 1.2 మెగాహెర్ట్జ్.

1.2! హామ్ బ్యాండుకూ ప్రసారాల బ్యాండుకూ మధ్య సరిహద్దు రాయి నా డయల్ మీద ఎక్కడుందో సరిగ్గా అక్కడ. బజారులో ఎన్ని బూస్ట్ బోర్డులున్నాయో, వాటిలో నా లెక్కకు ఎదురుగా వచ్చి కూర్చునేదే ఏరి తెచ్చా.

దాని పని తీరు మనకు కొత్తది కాదు. కాయిల్‌లో కరెంటు పారించి టక్కున తెంపితే కాయిల్ ఎదురు తిరిగి ఎక్కువ వోల్టేజీ విసురుతుంది. రిలే కాయిల్ తీసేటప్పుడు వేలికి తగిలే షాక్ అదే. బూస్ట్ బోర్డు దాన్నే సెకనుకు పన్నెండు లక్షల సార్లు చేసి, విసిరినదాన్ని డయోడ్ గుండా కెపాసిటర్‌లో పోగేస్తుంది. తెంపిన ప్రతిసారీ ఒక చిన్న మెరుపు. రేడియోకు మెరుపంటే శబ్దమే.

అయితే ఒక్క 1.2 దగ్గర రావాల్సింది డయల్ మొత్తం ఎందుకు నిండింది? దానికీ జవాబు అదే షీటులో ఉంది. లోడు బాగా తక్కువైతే ఈ చిప్ ఒకే లయలో కొట్టడం మానేసి, అవసరమైనప్పుడు కొన్ని దెబ్బలు వేసి పడుకుంటుంది. నా మిక్సర్ తాగేది 2.4 మిల్లీఆంప్సే, ఆంపియర్లు ఇవ్వగల బోర్డుకు అది ఆవగింజ. అందుకే తాగుబోతు డప్పు కొట్టినట్టు లయ లేకుండా కొడుతోంది, శబ్దం అంతటా పరుచుకుంటోంది.

ఆగస్టు 31

ఇది పంతం. పెన్సిల్ సెల్లులతో పని అయిపోతుందని తెలిసీ బూస్ట్ బోర్డును దారికి తేవాలని కూర్చున్నా.

అవుట్‌పుట్ మీద అర వాట్ 100 ఓంల రెసిస్టర్ పెట్టా. 60 మిల్లీఆంప్స్ లాగింది, లోడు పెరిగింది. గర్ర్ మాయమై దాని స్థానంలో రెండు సన్నని కూతలు మిగిలాయి. ఒకటి 1190 దగ్గర. అంటే నా బోర్డు 1200కు కాస్త కింద నడుస్తోంది, సరే. రెండోది 1140 దగ్గర. అదెవరు?

క్రిస్టల్ రెండు కాళ్లనూ ట్వీజర్‌తో షార్ట్ చేసి ఆసిలేటర్‌ను ఆపా. 1190 కూత అలాగే ఉంది, 1140ది పోయింది. అంటే మొదటిది బోర్డునుంచి నేరుగా ఫెరైట్ రాడ్‌లోకి దూకుతోంది, రెండోది మిక్సర్ గుండా వస్తోంది. కాగితం మీద గుణించి చూశా. 1190కి ఆరు రెట్లు 7140. అందులోంచి 6000 తీస్తే 1140. బూస్ట్ బోర్డు ఆరో హార్మోనిక్ నా ఇన్‌పుట్ గేటులోనుంచి స్టేషన్ వేషంలో దర్జాగా లోపలికి వస్తోంది! ఈ ఒక్క లెక్క కుదిరినప్పుడు కలిగిన సంతోషం, రేడియో పలికినప్పుడు కూడా కలగలేదు.

తర్వాత 100 మైక్రోహెన్రీ కాయిల్, పెద్ద కెపాసిటర్‌తో ఫిల్టర్ కట్టా. బోర్డును అగరుబత్తి రేకు డబ్బాలో పెట్టి భూమికి కలిపా. కూతలు తగ్గాయి, పోలేదు. రెసిస్టర్ మీద వేలు పెడితే చురుక్కుమంది. అప్పుడు వచ్చింది నవ్వు. చిప్ తాగేది 15 మిల్లీవాట్లు. దాన్ని పోషించడానికి 360 మిల్లీవాట్లు కాలబెడుతున్నా. గోచిపాతను ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథే. నా కథ మొదలైంది కూడా ఎలుకలతోనే.

సెప్టెంబర్ 5

బూస్ట్ బోర్డు పక్కకు. పెన్సిల్ సెల్లులు నాయిన మార్చుకోలేడు, కాబట్టి రెండు 18650లు వరసగా. నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు, చిప్ పరిమితి దాటుతుంది. అందుకని మధ్యలో 78ఎల్05 రెగ్యులేటర్ పెట్టి 5కు దించా. ఇది దేన్నీ తెంపదు, కొట్టదు. ఎక్కువైన వోల్టేజీని వేడిగా మార్చి ఊరుకుంటుంది. పెద్ద లోడుకైతే దండగ అంటాం, కానీ ఇక్కడ పోయేది 40 మిల్లీవాట్ల లోపే. ఆ వేడి వేలికి తెలియను కూడా తెలియదు.

రెగ్యులేటర్ తాగేది కలుపుకున్నా మొత్తం 6 మిల్లీఆంప్స్. సెల్లులు పాతవి, 2000 మిల్లీఆంప్ అవర్లు ఉన్నాయనుకుంటే 300 గంటల పైనే. రోజుకు రెండు గంటలు విన్నా ఐదు నెలలు. ఇంకో కలిసొచ్చిన విషయం: 78ఎల్05 సరిగ్గా పని చేయాలంటే ఇన్‌పుట్ 7 వోల్టులు ఉండాలి. అంటే సెల్లుకు 3.5. అంతకంటే దిగితే రేడియో మొరాయిస్తుంది, సెల్లు పూర్తిగా చావకముందే చార్జింగ్‌కు తీస్తాం.

సెప్టెంబర్ 12

రాత్రిళ్లు కొత్త బాధ. దూరపు మీడియం వేవ్ స్టేషన్లు ఫెరైట్ రాడ్‌లోకి నేరుగా దూరి, దిగివచ్చిన షార్ట్‌వేవ్ మీద కూర్చుంటున్నాయి. దీనికి డబ్బు ఖర్చు లేని మందు ఉంది. ఫెరైట్ రాడ్ కొస ఏ దిక్కుకు చూపిస్తుందో ఆ దిక్కు స్టేషన్ సన్నబడుతుంది. సెట్టును పీట మీద పెట్టి మెల్లగా తిప్పితే ఒకచోట అడ్డం వచ్చేవాడు మాయమవుతాడు, కన్వర్టర్‌నుంచి వచ్చేది మాత్రం చుట్టిన వైరు గుండా వస్తుంది కాబట్టి తగ్గదు. నాయినకు ఇది బాగా పట్టుబడింది. రాత్రి చూస్తే పీట మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసుకున్నాడు.

చిప్‌కు ఇంకో బలహీనత ఉంది, బలమైన సిగ్నల్స్ ఎక్కువైతే తడబడుతుంది. యాంటెన్నా లైనులో 1 కిలోఓం వాల్యూమ్ కంట్రోల్ ఒకటి పెట్టా. రాత్రి తగ్గించు, పొద్దున పెంచు, అంతే.

సెప్టెంబర్ 21

1060 దగ్గర పొద్దున ఏడింటికి బాతు అరుపులు. హామ్‌లు. వాళ్లు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో క్యారియర్, అంటే మాటను మోసే అల, తీసేసి పంపిస్తారు, శక్తి అంతా మాటకే పోతుంది. మామూలు సెట్టుకు ఆ క్యారియర్ మనమే కల్పించి ఇవ్వాలి. ఇక్కడ కూడా కలపడమే మందు.

సర్క్యూట్ కట్టకముందు ఒక తమాషా చేశా. షాపు రేడియో తెచ్చి నాయిన సెట్టు పక్కన పెట్టా. ప్రతి సెట్టు లోపల ఉండే ఆసిలేటర్ డయల్ కంటే 455 పైన నడుస్తుంది, ప్లాస్టిక్ ఒంటిలోంచి కొంచెం బయటికి కారుతుంది కూడా. నాకు 1060 కావాలి కాబట్టి రెండో సెట్టును 605 మీద పెట్టి సౌండ్ పూర్తిగా తగ్గించా. వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే బాతు అరుపు సన్నబడి, లావై, ఒకచోట తటాలున మనిషి మాటైంది. "...ఇక్కడ పొద్దటి నుంచి వానే, యాంటెన్నా ఊగుతున్నది..." తెలుగు!

నాయిన రెండు సెట్లనూ మార్చి మార్చి చూశాడు. "మాట్లాడేది గీంట్ల, సప్పుడు లేంది గాంట్ల. మరి అది దేనికి?" అన్నాడు. తీసి దూరం పెట్టి చూపించా. మళ్లీ బాతు. దగ్గర పెట్టా. మనిషి. అలా నాలుగుసార్లు ఆయనే పెట్టి తీసి చూసుకున్నాడు. "మనం మాట్లాడొచ్చా?" అని అడిగితే, దానికి కేంద్ర ప్రభుత్వం వాళ్ల పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలని చెప్పా. "రాయి మరి" అన్నాడు.

సెప్టెంబర్ 28

షాపు రేడియోను ఎప్పుడూ ఇంట్లో పెట్టలేను. పాత టీవీ రిమోట్ విప్పితే అందులో 455 కిలోహెర్ట్జ్ సిరామిక్ రెసొనేటర్ ఉంది, క్రిస్టల్ లాంటిదే. రిమోట్లు దాన్ని పన్నెండుతో భాగించి 38 కిలోహెర్ట్జ్ దగ్గరి పరారుణ కాంతి మిణుకులు చేసుకుంటాయి. నాకు ఆ భాగహారం వద్దు, 455 అలాగే కావాలి. బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, మూడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, అగ్గిపెట్టెలో సగం చోటు. దీని వైరు కొసను సెట్టు వెనక ఊరికే ఆనిస్తే చాలు. ఇది నేరుగా సెట్టు ఆఖరి మెట్టు మీదే కలుస్తుంది కాబట్టి డయల్ ఎక్కడున్నా పని చేస్తుంది, రెండో సెట్టులాగా ప్రతిసారీ తిప్పుకోనక్కర్లేదు. కాకపోతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు సర్దింది మధ్యాహ్నానికి జరుగుతోంది. తిప్పి సర్దుకునే చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్ పెట్టి బయటికి గుండీ ఇచ్చా.

అక్టోబర్ 6

డబ్బా పూర్తయింది. స్టీలు టిఫిన్ బాక్సులో అడుగు గిన్నెలో కన్వర్టర్, పై గిన్నెలో సెల్లులు. మా ఇంటామె బాక్సు గురించి అడిగింది, కొత్తది కొనిస్తానన్నా.

బూస్ట్ బోర్డును పారేయలేదు, దాని తప్పేమీ లేదు. షాపులో పాత లిథియం సెల్లులకు తగిలించి 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ వెలిగిస్తున్నా. కరెంటు పోయినప్పుడు వైండింగ్ చేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది. షాపు వెనక గోడ, నాయిన మంచం ఉన్న గది గోడ ఒకటే. నిన్న రాత్రి కరెంటు పోతే లైటు వేసి అర్జెంటు మోటారు ఒకటి చుడుతున్నా. గోడ అవతలినుంచి కేక వినిపించింది.

"అరేయ్, గా లైటు ఆర్పు! పన్నెండు వందల కాడ ఈల కొడుతున్నది!"